కొక్కెం కొలత



ఛందస్సు గురించో, సంధుల గురించో వ్రాసే ఈ చేతితో నేడు బొమ్మ రైళ్ల కొక్కేల గురించి వ్రాస్తున్నానంటే కొందరు మిత్రులు ముక్కున వేలు వేసుకొనవచ్చును. విషయం చిన్నదే. అగ్గిపుల్ల తలకాయంత చిన్నది. కానీ ఆ చిన్న వస్తువు మీద ఒక ఊరి పెద్దమనుషులు రెండు పక్షాలుగా చీలిపోయి, నెలల తరబడి వాదులాడుకొనగా విన్నాను. వింటూ వింటూ నాకూ ఒక అభిప్రాయం ఏర్పడింది. అది చెప్పుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా అల్లుడు ఉద్యోగరీత్యా అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉంటాడు. ఆయనకు నమూనా రైళ్ల వ్యసనం. వ్యసనమనే అంటున్నాను, నిందగా మాత్రం కాదు. ఇంటి క్రింది నేలమాళిగ అంతా పట్టాలే. రెండు పర్యాయాలు ఆరేసి నెలలు అక్కడ ఉన్న కాలంలో, పత్రికలు చదవడం అయిపోయిన తరువాత నాకు మిగిలిన కాలక్షేపం ఆ నేలమాళిగయే. భూతద్దం, పట్టకారు చేతికిచ్చి, “మామయ్యగారూ, మీ చెయ్యి వణకదు, ఈ స్ప్రింగు కాస్త ఎక్కించి పెట్టండి” అని ఆయన అడగడంతో నేను ఈ విద్యలో అక్షరాభ్యాసం చేశాను. ముప్పైమూడేళ్లు పిల్లల వ్రాతపుస్తకాలలో దీర్ఘం ఉన్నదా లేదా అని వెదికిన కన్ను కనుక, మిల్లీమీటరులో పదోవంతు తేడా దానికి సులభంగానే పట్టుబడింది.

తెలియనివారి కొరకు కొంచెం వివరిస్తాను. అమెరికాలో ఎక్కువమంది నడిపే నమూనా రైళ్ల కొలతకు హెచ్‌ఓ అని పేరు. నిజమైన రైలులో ఎనభై ఏడు అడుగులు ఇక్కడ ఒక్క అడుగు. పెట్టె పొడవు, కిటికీల ఎత్తు, నిచ్చెన మెట్ల మధ్య దూరం, చివరకు పెట్టె మీద వ్రాసిన అక్షరాలు కూడా ఈ లెక్కకు లొంగి ఉంటాయి. ఒక్కటి మాత్రం లొంగదు. అది పెట్టెకూ పెట్టెకూ నడుమ ఉండే కప్లింగు, అంటే మన మాటలో కొక్కెం. అమెరికా గూడ్సు బండి కప్లింగులో కదిలే పిడికిలి భాగం ఎత్తు సుమారు 11 అంగుళాలు. దానిని 87తో భాగిస్తే మూడు మిల్లీమీటర్ల పైన రెండు పదులు. కానీ లక్షలాది నమూనా పెట్టెలకు తగిలించి ఉన్న కేడీ కంపెనీవారి 5వ నంబరు కప్లింగు తల అంతకంటె స్పష్టంగా పెద్దది. పెసరగింజంత ఉండవలసిన చోట కందిగింజంత ఉన్నదనుకోండి. పెట్టెను ప్రక్కనుంచి చూస్తే తెలియదు. ఎదుటినుంచి చూస్తే మాత్రం, సన్నని మనిషికి బూరె బుగ్గలు అతికించినట్లుంటుంది.

ఆ కంపెనీవారే సుమారు పాతికేళ్ల క్రితం సరియైన కొలతకు చాలా దగ్గరగా ఉండే చిన్న తలను తయారుచేశారు. దానికి 58 అని నంబరు. తరువాత దానినే, ప్రక్కలకు మీసాల వంటి సన్నని తీగ స్ప్రింగులు అమర్చి, 158 అన్నారు. పాతికేళ్ల వస్తువును కొత్తది అంటారేమిటని నేనూ అడిగాను. వందలాది పెట్టెలు కూడబెట్టుకున్నవాడికి అతడు మార్చుకునేదాకా అది కొత్తదేనట. మా అల్లుడు సభ్యుడుగా ఉన్న ఊరి సంఘంలో వచ్చిన తగవు ఇదే. సంఘం పట్టాల మీద నడిచే ప్రతి పెట్టెకూ ఒక గడువులోగా చిన్న తల కప్లింగులే ఉండాలని కొందరు తీర్మానం తెచ్చారు. పాతవి తీయబోమని మరికొందరు భీష్మించారు.

నా పక్షం ముందే చెప్పివేస్తాను. మార్చవలసిందే. అయితే గడువు పెట్టి మార్పించకూడదు.

ఎందుకు మార్చాలో చెప్పేముందు, ఈ ఆకారం ఎక్కడినుంచి వచ్చిందో కొంత చెప్పక తప్పదు. పంతొమ్మిదవ శతాబ్దిలో అమెరికా గూడ్సు పెట్టెలను లంకె, మేకు పద్ధతిలో కలిపేవారు. ఒక ఇనుప లంకెను ఎదుటి పెట్టె నోటిలోకి చేతితో మళ్లించి, పైనుంచి మేకు దించాలి. పెట్టె కదిలి వస్తూ ఉండగా, మనిషి రెండింటి మధ్య నిలిచి చేయవలసిన పని. ఏటా వేలమంది గాయపడేవారు. వేళ్లన్నీ ఉన్న బ్రేక్‌మన్‌ను చూస్తే కొత్తగా పనిలో చేరాడని తెలిసేదని ఆ దేశంలో చెప్పుకొంటారు. వర్జీనియా రాష్ట్రంలో బట్టల కొట్టులో గుమాస్తాగా ఉన్న ఈలై జానీ అనే మాజీ సైనికుడు, రెండు అరచేతులు వేళ్లు మడిచి ఒకదానిలో ఒకటి చిక్కుకొన్నట్లుండే కప్లింగును ఊహించి, 1873లో పేటెంటు పొందాడు. మధ్యాహ్న భోజన విరామాలలో చాకుతో చెక్కముక్కను చెక్కి ఆ ఆకారం తేల్చుకున్నాడని అంటారు. అంటే, ఇనుములో పోతపోయకముందు అది కూడా ఒక చిన్న నమూనాయే! పెట్టెల నిర్మాణ నిపుణుల సంఘం 1887లో ఆ ఆకారాన్ని ఆమోదించింది. లొరెంజో కాఫిన్ వంటివారు ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి ఆందోళన చేయగా, 1893 మార్చి 2న అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ భద్రతా ఉపకరణాల చట్టం మీద సంతకం చేశాడు. పెట్టెలు తగిలిన మాత్రాన వాటంతటవే కలుసుకోవాలి, మనిషి మధ్యకు పోకూడదు అన్నది దాని సారం.

ఈ కథ విన్నప్పుడు నాకు నా ఉద్యోగకాలపు మాట ఒకటి మనసులో మెదిలింది. కొన్నేళ్లు ఒక జంక్షను ఊరిలో పనిచేశాను. తరగతిలో సగంమంది రైల్వే పిల్లలు. వారిలో ఒకడి తండ్రి పాయింట్స్‌మన్. ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు. పిల్లవాడి హాజరు విషయమై సంతకం చేయడానికి వచ్చినప్పుడు, కలాన్ని బొటనవ్రేలికీ అరచేతికీ మధ్య ఇరికించి పట్టుకున్నాడు. మన ప్రయాణికుల బండ్లకు అప్పుడు స్క్రూ కప్లింగులే ఉండేవి. రెండు ప్రక్కలా బఫర్లు, నడుమ కొక్కెం. మనిషి బఫర్ల క్రింద వంగి మధ్యలోకి దూరి, బరువైన లంకెను ఎత్తి కొక్కేనికి వేసి, పిడి త్రిప్పి బిగించాలి. అమెరికాలో 1893లో చట్టం నిషేధించిన పని మన దేశంలో నిన్న మొన్నటిదాకా నిత్యకృత్యం. 2000 తరువాత జర్మనీ నమూనా ఎల్‌హెచ్‌బీ పెట్టెలు వచ్చిన కొద్దీ, జానీ వంశానికే చెందిన మధ్య కప్లింగు మన ప్రయాణికుల బండ్లకూ వచ్చింది. పెరంబూరు కర్మాగారం 2018లో పాత నమూనా పెట్టెల తయారీని ఆపివేసింది. పాత పెట్టెలు ఉన్నంతకాలం బఫర్ల మధ్య వంగే మనిషీ ఉంటాడు. ఈసారి మీరు సికింద్రాబాదులోనో విజయవాడలోనో ప్లాట్‌ఫారం మీద నిలబడినప్పుడు, రెండు పెట్టెల నడుమ ఒక్కమారు తొంగి చూడండి. రెండు ఇనుప పిడికిళ్లు పెనవేసుకొని కనబడితే, అవి ఒహాయోలోని నేలమాళిగలో నేను పట్టకారుతో పట్టుకున్న వాటికి పెద్దన్నలు.

ఇంతటి చరిత్ర ఉన్న ఆకారాన్ని, పెట్టె మీది మరమేకులను కూడా లెక్కపెట్టి చెక్కే కళలో, కొలత తప్పించి ఉంచడమేమిటి అని నా మొదటి ప్రశ్న. నమూనా అన్నది సత్యానికి మ్రొక్కే విద్య. అలంకారశాస్త్రంలో చెప్పినట్లు ఉపమానానికీ ఉపమేయానికీ సామ్యం ఉండాలి. నిచ్చెనలో సామ్యం ఉండి, కిటికీలో సామ్యం ఉండి, ప్రతి పెట్టెకూ రెండు కొసలా కొట్టవచ్చినట్లు కనబడే వస్తువులో లేకపోతే ఆ లోపం పద్యంలో గణభంగం వంటిది. వినేవారిలో నూటికి తొంభైమంది గుర్తించరు. గుర్తించినవాడికి ఇక ఆ పద్యం చెవిన పడదు, ఆ భంగమే పడుతుంది.

పాతపక్షంవారి మొదటి వాదం “మూడడుగుల దూరంనుంచి ఎవరికి కనబడుతుంది?” అనేది. ఈ వాదం నాకు బాగా పరిచితం. “శకటరేఫకూ సాధురేఫకూ తేడా ఎవరికి వినబడుతుంది పంతులుగారూ?” అని నా విద్యార్థులు అడిగినది ఇదే కదా! (శకటమంటే బండి. బండి ఱ అని దానికి మన వాడుక పేరు. బండి ముచ్చటలో బండి ఱ రావడం కాకతాళీయం.) నిజమే, నేడు ఱ వ్రాయకపోయినా అర్థానికి హాని లేదు, నేనూ ఈ వ్యాసంలో దానిని అక్కడక్కడ వదిలివేశాను. కానీ భాష అందరూ నిత్యం వాడుకొనే పనిముట్టు. అరిగిన అంచును మళ్లీ పదును పెట్టమని కోటిమందిని నిర్బంధించలేము. నమూనా రైలు అటువంటిది కాదు. ఎవడూ అడగకపోయినా తనంత తాను పూనుకొని, కనబడని చోటికి కూడా రంగు వేసేవాడి విద్య అది. ఇంజను లోపల కూర్చున్న బొమ్మ డ్రైవరు చొక్కాకు గుండీలు వేసిన వ్యక్తిని నేను చూశాను. అతడే వచ్చి, కప్లింగు దగ్గరకు వచ్చేసరికి “ఎవరికి కనబడుతుంది” అంటే ఒప్పుకోవడం కష్టం.

రెండవ వాదం బలమైనది. చిన్న తలలు నడకలో విడిపోతాయి అన్నది. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే కొత్తపక్షంవారు దీనిని నవ్వి కొట్టివేస్తున్నారు. నవ్వవలసిన మాట కాదు. పిడికిలి ఎత్తు తగ్గితే ఒకదానినొకటి పట్టుకొనే మేర తగ్గుతుంది. తల ఎత్తు మూడు మిల్లీమీటర్లయినప్పుడు ఎదుటి పెట్టె కప్లింగు అర మిల్లీమీటరు క్రిందికి ఉంటే, పట్టులో ఆరవవంతు పోయినట్లే. పట్టాల అతుకు దగ్గర చిన్న ఎత్తుపల్లం వచ్చిందా, ఒకటి పైకి జారి, రెండవది క్రిందికి జారి, బండి రెండు ముక్కలు. పెద్ద తల ఈ తప్పులన్నిటినీ క్షమించేది. చిన్న తల క్షమించదు. అలాగే, కలిసేటప్పుడు ప్రక్కకు ఎంత వాలి ఉన్నా పెద్ద తల పట్టుకొనేది. చిన్నదానికి కొంచెం సూటిగా రావాలి. వంపు మీద కలపబోతే మొరాయిస్తుంది.

అయితే తప్పు ఎవరిది? మా అల్లుడి పెట్టెలలో ఇరవై రెండింటిని వరుసగా ఎత్తు కొలబద్ద ముందు పెట్టి చూశాను. అమెరికా నమూనా రైల్వేల జాతీయ సంఘం, 1935లో మిల్వాకీలో పుట్టినది, కప్లింగు నడిమి భాగం పట్టానుంచి అంగుళంలో 64 భాగాలకు 25 భాగాల ఎత్తున ఉండాలని నిర్ణయించింది. అంటే పది మిల్లీమీటర్లకు రవంత తక్కువ. ఇరవై రెండింటిలో తొమ్మిది మాత్రమే ఆ ఎత్తున ఉన్నాయి. మిగిలినవి కొన్ని తలవంచుకొని, కొన్ని మెడ నిక్కించి ఉన్నాయి. ఇన్నేళ్లూ అవి పడిపోకుండా నడిచింది పెద్ద తల చలవ. అనగా, చిన్న తల కొత్త రోగాన్ని తేలేదు. ఉన్న రోగాన్ని బయటపెట్టింది. ఇరుసుల బండి మీద పెట్టె ఆనే చోట పలచని వాషరు ఒకటి వేస్తే సరిపోయేది. బూడిదరంగు వాషరు పావు మిల్లీమీటరు మందం, ఎర్రది అంతకంటె కొంచెం ఎక్కువ. ఈ పని చేయకుండా తలలు మాత్రం మార్చి, విడిపోతున్నవని మొత్తుకొనేవారిని చూస్తే, సూత్రం చదవకుండా సంధి చేసి తప్పయితే వ్యాకరణాన్ని తిట్టే పిల్లలు గుర్తుకు వచ్చారు. కానీ కొత్తపక్షం వారికీ ఒక మాట. మీరు తెచ్చిన తీర్మానంలో తలల ప్రసక్తి ఉన్నది, ఎత్తు సరిచూచుకొనే ప్రసక్తి లేదు, సంఘం పట్టాల అతుకులు రాకివేసే ప్రసక్తి అసలే లేదు. ముందు జరగవలసినవి ఆ రెండూ.

“కప్లింగు ఒక్కటేనా కొలత తప్పింది? చక్రాల మాటేమిటి?” అని మూడవ వాదం. ఇది తెలివైన వాదం, నాకు నచ్చింది. సాధారణ నమూనా చక్రం వెడల్పు 2.8 మిల్లీమీటర్లు. 87తో హెచ్చవేస్తే సుమారు 24 సెంటీమీటర్లు అవుతుంది. నిజమైన చక్రం పద్నాలుగున్నర సెంటీమీటర్లే. సన్నని రకం చక్రాలు 2.2 మిల్లీమీటర్లవి దొరుకుతాయి, అవీ పెద్దవే. పూర్తిగా సరియైన కొలతకు పోవాలంటే పట్టాలు చీలే చోట్లన్నీ పీకి మళ్లీ వేయాలి. అటువంటి సాధకులు కొందరు ఉన్నారు, వారికి నమస్కారం. కానీ ఆ పని కానందున ఈ పనీ మానుకోవాలనడం తర్కం కాదు. చక్రం మార్పుకు త్రోవంతా మారాలి. కప్లింగు మార్పుకు త్రోవ మారనక్కరలేదు, ఒక్కొక్క పెట్టెనే మార్చుకొనవచ్చు, మారినది మారనిదానితో కలిసి నడుస్తుంది. ఈ చివరి మాటయే నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యం. 158 వెళ్లి పాత 5తో నిక్షేపంగా కలుస్తుంది.

కలుస్తుంది అన్న గుణం విలువ తెలియాలంటే అది లేని కాలం చూసి ఉండాలి. 1950ల నుంచి దుకాణాలలో అమ్మే చౌక నమూనా రైళ్లకు కొమ్ము ఆకారపు ప్లాస్టిక్ కొక్కెం ఒకటి వచ్చేది. దానికీ నిజమైన కప్లింగుకూ పోలికే లేదు. కీత్, డేల్ ఎడ్వర్డ్స్ అనే కవల సోదరులు, వారి పేర్ల మొదటి అక్షరాలే కేడీ, పిడికిలి ఆకారం కప్లింగు తెచ్చి, పట్టాల నడుమ అయస్కాంతం పెడితే దానంతటది విడిపోయేట్లు చేశారు. క్రిందికి వ్రేలాడే వంపు తీగ అయస్కాంతానికి లొంగుతుంది, అదే చూపుకు గాలి గొట్టం వలె కూడా ఉంటుంది. ఎంత చక్కని శ్లేష! కానీ కొమ్ము కొక్కేనికీ దీనికీ పొత్తు కుదరదు. మారినవాడు మొత్తం మారాలి, లేదా ఒక కొస అది, ఒక కొస ఇది ఉన్న పెట్టెను నడుమ పెట్టుకోవాలి. 1990లలో పేటెంటు గడువు తీరి ఇతర కంపెనీలవారు కూడా పిడికిలి ఆకారానికి వచ్చిన తరువాతే ఆ గొడవ సద్దుమణిగింది.

కంప్యూటరులో తెలుగు వ్రాసే మనకు ఈ బాధ ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఖతి, ఒకరి ఖతిలో వ్రాసినది మరొకరికి పంపితే ఇంగ్లీషు అక్షరాలు చిందరవందరగా కనబడేవి. ఆ ఖతులలో కొన్ని ఎంత అందంగా ఉండేవో! అయినా యూనికోడు వచ్చి స్థిరపడగానే వాటిని వదిలి ఇటు వచ్చాము. అక్షరం అందం కొరకు కాదు, నా అక్షరం మీ తెరమీద అక్షరంగానే కలుస్తుందన్న ధైర్యం కొరకు.

ఈ న్యాయం ఇప్పుడు కొత్తపక్షంలోని అతివాదుల మీదికి మళ్లుతుంది. వారిలో ఇద్దరు ముగ్గురు 158 కూడా చాలదంటారు. సార్జెంట్ పేరుతో వచ్చిన మరొక రకం కప్లింగు ఉన్నది. స్ప్రింగు లేదు, క్రింద వ్రేలాడే తీగ లేదు. లోపల గసగసం గింజను తలపించే ఉక్కుగుండు ఒకటి క్రిందికి పడి పిడికిలిని బిగిస్తుంది. విడదీయాలంటే అయస్కాంతం గుచ్చిన పుల్లను పైన పెట్టి గుండును లేపాలి. కలిపేముందు పిడికిలి తెరచి, రెండింటినీ ఎదురెదురుగా సర్దాలి. నిజమైన బ్రేక్‌మన్ చేసే పని ఇదే. నేను ఒక జత చూశాను. చూడముచ్చటగా ఉన్నది, దాచను. వేలిగోరు మీద పెట్టుకొని చాలాసేపు చూశాను. కానీ అది కేడీ కప్లింగుతో కలవదు. సంఘంలో నలభైమంది పెట్టెలు తెచ్చి కలిపి నడిపే చోట, అది ఎంత సుందరమైనా, బయటి ఊరి భాష.

కలవని రెండు మంచి వస్తువుల కథ ఒకటి అమెరికా సుప్రీంకోర్టులోనే ఉన్నది. 1900 ఆగస్టులో యూటా రాష్ట్రంలోని ప్రోమంటరీ అనే చోట, జాన్సన్ అనే బ్రేక్‌మన్‌కు ఒక భోజనశాల పెట్టెను ఇంజనుకు కలపమని ఆజ్ఞ వచ్చింది. ఇంజనుకు జానీ కప్లింగు. పెట్టెకు మిల్లర్ అనే మరొక రకం కొక్కెం. రెండూ వాటంతటవి కలిసే రకాలే, కానీ తమ జాతి వాటితోనే కలుస్తాయి. అతడు మధ్యకు పోయి మూడుసార్లు లంకె, మేకు వేయబోయాడు. చెయ్యి నలిగింది, తీసివేయవలసి వచ్చింది. రెండింటికీ స్వయంచాలక కప్లింగులు ఉన్నాయి కదా, చట్టం పాటించినట్లేనని క్రింది కోర్టు అన్నది. 1904 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చింది. ఒకదానితో ఒకటి కలవని కప్లింగులు, విడివిడిగా ఎంత గొప్పవయినా, చట్టం కోరినవి కావని తేల్చింది. నమూనా రైళ్ల సంఘాలవారు ఈ తీర్పును గోడమీద వ్రాసిపెట్టుకొనవచ్చును. ఉక్కుగుండు కప్లింగులవారు తమ ఇంట్లో, తమ బండికి, ఇంజనునుంచి చివరి పెట్టెదాకా ఒకే రకం పెట్టుకొని ఆనందించవచ్చు. సంఘం పట్టాల మీద కూడా అటువంటి విడదీయని బండి ఒకటి నడపవచ్చు, ఎవరికీ ఇబ్బంది లేదు. అందరూ మారండి అనడం మాత్రం కుదరదు.

ఇక గడువు సంగతి. ఒక పెట్టె రెండు కొసలకూ కలిపి మూడు డాలర్లు వేసుకున్నా, రెండువందల పెట్టెలకు ఆరువందల డాలర్లు. ఇది పెద్ద మొత్తమా అంటే ఉద్యోగం చేసుకొనేవారికి కాదు. కానీ ఆ సంఘంలో ఎనభై ఏళ్ల వృద్ధుడొకరు ఉన్నారు. నిజమైన రైలులో బ్రేక్‌మన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. మూడువందల పైచిలుకు పెట్టెలు ఆయనవే. సంఘం బండ్లలో సగం ఆయన పెట్టెలతోనే నడుస్తాయి. ఆయనకు ఇప్పుడు చేతులు వణుకుతాయి. డబ్బీ మూత మరమేకు పట్టుకోలేరు. పాతరకంలో పిడికిలి స్ప్రింగు ఆవగింజంత, ఎగిరిపోతే దొరకదు. “నా వేళ్లు పది ఉన్నాయి, రైల్వేలో అవి దక్కించుకున్నాను, మీ తీర్మానానికి మాత్రం అవి పనికిరావు” అని ఆయన నవ్వుతూనే అన్నారు. ఆ తరువాత రెండు సమావేశాలకు రాలేదు. కొలత సరిచేయబోయి, కొలతకు మూలమైన మనిషినే పట్టాలనుంచి దించివేయడం ఏ శాస్త్రం? నిజమైన కప్లింగును చేతితో తాకి, దాని బరువు ఎరిగినవాడు ఆ గదిలో ఆయన ఒక్కరే.

అసలు నిజమైన రైల్వేలు కూడా ఒక్కనాటిలో మారలేదు. 1893 చట్టానికి 1898 జనవరి దాకా గడువిచ్చి, అదీ చాలక 1900 దాకా పొడిగించారు. ప్రాణాల మీదికి వచ్చిన విషయంలోనే అన్నేళ్లు పడితే, కంటికి నదరుగా ఉండడం కొరకు ఆరు నెలల గడువా?

కనుక నేను మా అల్లుడి ద్వారా సంఘానికి ఒక మాట పంపించాను. ఆయన అనువదించి చదివారట. కొత్తగా చేరే పెట్టెలన్నిటికీ చిన్న తలే ఉండాలి. మరమ్మతుకు బల్లమీదికి ఎక్కిన ప్రతి పెట్టెకూ, ఏ మరమ్మతయినా సరే, దిగేలోపల కప్లింగు మార్చాలి, ఎత్తు సరిచూడాలి. చూపరులు వచ్చే రోజున ముందువరుస పట్టాల మీద నిలిచే బండ్లను మొదట మార్చాలి. విప్పడానికి వీలులేకుండా జిగురుపెట్టి అతికించిన పాత పెట్టెలను పీకి పాడుచేయవద్దు, వాటిని వాటి మానాన నడవనివ్వాలి. వృద్ధుని పెట్టెలను ఆయన ఒప్పుకుంటే సంఘంలోని కుర్రవాళ్లు వంతులు వేసుకొని మార్చిపెట్టాలి, కప్లింగుల ఖర్చు సంఘం భరించాలి. ఒప్పుకోకపోతే ఊరుకోవాలి.

క్రింద వ్రేలాడే వంపు తీగను కత్తిరించాలా వద్దా అని మరొక ఉపకలహం ఉన్నది. కత్తిరిస్తే చూపుకు మరింత బాగుంటుంది, విడదీయడానికి అయస్కాంతం పనికిరాదు. సన్నని వెదురుపుల్లను రెండు పిడికిళ్ల మధ్యకు దించి, కొద్దిగా మెలిపెట్టాలి. ఆ దేశంలో మాంసం ముక్కలు గుచ్చి కాల్చుకొనే వెదురుపుల్లలు కట్టలుగా అమ్ముతారు, వాటినే వాడుతున్నారు. నాకు ఈ పద్ధతే నచ్చింది. మా మనుమరాలికి అయస్కాంతంతో బండి నడపడం పది నిమిషాలలో విసుగు పుట్టింది. వెదురుపుల్ల చేతికిస్తే గంటసేపు కదలలేదు. కానీ తీగ తీసివేసిన పెట్టె, అయస్కాంతాలు పెట్టుకున్న ఇంటికి వెళితే అక్కడ దానిని విడదీయడానికి చెయ్యి పెట్టక తప్పదు. అందుచేత సంఘం పెట్టెలకు తీగలు ఉంచడమే మర్యాద. ఇంటి పెట్టెలకు ఎవరి ఇష్టం వారిది.

నేను తిరిగి వచ్చేనాటికి మా అల్లుడి పెట్టెలలో అరవై నాలుగు మారాయి. అందులో నేను మార్చినవి నలభై ఒకటి. బొగ్గు వ్యాగన్ల వరుస ఇంకా మొదలుపెట్టలేదు. అవి వరుసగా ముప్పై, కప్లింగు డబ్బీ వ్యాగను అడుగుతో కలిపి పోతపోసినది, చిన్న తల అందులో ప్రక్కలకు ఒరుసుకుంటుంది. డబ్బీని కోసివేసి కొత్తది అమర్చాలి. అందుకు కావలసిన సన్నని రంపం ఇక్కడ ఆబిడ్సులో దొరుకుతుందేమో చూడమని నిన్న ఫోనులో చెప్పాడు.